వాన మాది, పులస మీది

రాయ్‌పూర్‌లో స్థిరపడ్డ గోదావరి జిల్లాల వాళ్ళని జులైలో ఇట్టే పోల్చుకోవచ్చు. వీధిలో మోకాటిలోతు నీళ్ళు నిలిచి పక్కింటివాళ్ళు చీపుళ్ళు పట్టుకుని పరుగెడుతుంటే, వీళ్ళు వరండాలో కూర్చుని భద్రాచలం దగ్గర నీటిమట్టం ఎంతుందో ఫోన్లో చూసుకుంటుంటారు. 43 అడుగులకి మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. మా బావకి ఇవి ఎక్కాల్లా కంఠతా. 2022 జులైలో మట్టం 71 అడుగులు దాటినప్పుడు మాత్రం ఆయన కూడా చేప మాట ఎత్తలేదు, అది వేరే సంగతి.

చేప అంటే పులస. సముద్రంలో ఉన్నన్నాళ్ళూ విలసగా అనామకంగా తిరిగే ఈ ప్రాణి, వరదనీరు సముద్రంలో కలవగానే గుడ్లు పెట్టడానికి గోదావరికి ఎదురెక్కుతుంది. ధవళేశ్వరం దాకా వచ్చి బ్యారేజీ దగ్గర ఆగిపోతుంది. అక్కడ 1852లో ఆనకట్ట పూర్తిచేసిన కాటన్ దొర డెల్టాకి అన్నం పెట్టాడు గానీ, పులసని ఒక్కమాట అడిగినట్టు లేదు. దీనికి గాలం వేసి లాభం లేదు. నీళ్ళలోని కంటికానని నలుసుల్ని వడగట్టుకు తినే జాతి కనక ఎరని చూసి మొహం తిప్పుకుంటుంది. వలకట్టాల్సిందే. ఆ తర్వాత ధర విని మనం మొహం తిప్పుకుంటాం.

"ఒరే, మా వాన పడందే మీ పులస కదలదురా!" అని బావ ఏటా రాజమండ్రిలోని తమ్ముడికి ఫోన్ చేసి చెబుతాడు. మాటలో నిజం లేకపోలేదు. ఇంద్రావతి జగదల్‌పూర్ దాటి, చిత్రకోట్ దగ్గర దాదాపు 30 మీటర్లు కిందికి దూకి, బస్తర్ మట్టినంతా కలుపుకుని గోదావరిలో పడుతుంది. శబరి కుంట మీదుగా వెళ్ళి కూనవరం దగ్గర కలుస్తుంది. ఆ ఎర్రనీటిలో ఛత్తీస్‌గఢ్ వాటా గట్టిదే.

చిక్కల్లా రాయ్‌పూర్‌తోనే. ఇక్కడ కురిసిన చుక్క ఖారున్‌లో పడి, శివనాథ్‌లో కలిసి, మహానది పట్టుకుని, 1957 నాటి హీరాకుడ్ ఆనకట్టలో కాస్త విశ్రమించి ఒడిశా తీరాన సముద్రం చేరుతుంది. గోదావరి మొహమైనా చూడదు. ఈ సంగతి మ్యాపు పెట్టి చూపిస్తే బావ కళ్ళజోడు తీసేసి, "రాష్ట్రం ఒకటేగా!" అన్నాడు. వియ్యంకుడి కారు గురించి గొప్పలు చెప్పుకున్నట్టుంటుంది ఆయన వరస.

ఆ పిచ్చి వారసత్వంగా కొడుక్కీ వచ్చింది. మా మేనల్లుడు అమెరికాలో, ఆరెగాన్‌లోని పోర్ట్‌లాండ్‌లో ఉంటాడు. అక్కడి చేప స్టీల్‌హెడ్. రెయిన్‌బో ట్రౌట్టే సముద్రానికి వెళ్ళి బలిసి తిరిగొస్తే ఆ పేరు. చలికాలం వానలకి విల్సన్, నెహేలమ్ లాంటి తీరపు నదులు పొంగితే పైకెక్కుతుంది. పొంగు మీద నీళ్ళు బురదగా ఉన్నప్పుడు గాలం దండగ. పొంగు తీస్తూ, నీళ్ళు పచ్చగా తేటపడుతున్న ఆ ఒకటి రెండు రోజులే అదను. అందుకని వాడూ తండ్రిలాగే నది అడుగులు లెక్కపెడుతూ కూర్చుంటాడు. "మావయ్యా, నీళ్ళు తీస్తున్నాయి, ఆఫీసుకి సెలవు పెట్టేశా" అని నాకు మెసేజీ.

మొన్న ఫొటో పంపాడు. నడుందాకా రబ్బరు తొడుగు, వణుకుతున్న పెదాలు, చేతుల్లో వెండిలా మెరిసే చేప. బావ పొంగిపోయి "పులుసా, వేపుడా?" అని అడిగాడు.

"వదిలేశాను నాన్నా. దీని వీపు మీద, తోక దగ్గరున్న చిన్న రెక్క చెక్కుచెదరలేదు. అంటే నదిలో పుట్టిన చేప. హేచరీలో పెంచి రెక్క కత్తిరించిన వాటినే ఇంటికి తెచ్చుకోవాలి, ఇక్కడ రూలు."

బావ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నావైపు తిరిగి, "వదిలెయ్యడానికి అంత చలిలో అంతదూరం పోవాలట్రా? మన ఖారున్ ఒడ్డున మహాదేవ్ ఘాట్‌లో కూచుంటే పట్టకుండానే వదిలెయ్యచ్చు కదా!" అన్నాడు.

రాయ్‌పూర్‌లో బెంగాలీల దుకాణంలో ఇలిష్ దొరుకుతుంది. అదీ పులస జాతే. కానీ "అది గంగనీళ్ళు తాగింది" అని బావ ముట్టడు. కనక కోనసీమ బంధువులకు మనవి: బస్తర్ వాన మీకు ఉచితంగానే వస్తోంది. బదులుగా ముక్కలు పంపమని అడగం, వాటి ధర మాకూ తెలుసు. మర్నాటి పులుసు ఒక చిన్న క్యారేజీలో పోసి మూత గట్టిగా బిగించి విశాఖలో రాయ్‌పూర్ రైలెక్కించండి. స్టేషనుకి మేమే వస్తాం.