ముల్లు ఎత్తే పెద్దమనిషి

ఆయన ఇంటికి మొదటిసారి వెళ్లింది పోట్లాటకి. రాత్రి పదకొండు దాటింది, మర్నాడు పొద్దున్నే ఆఫీసు, కింది ఫ్లాట్లోంచి డప్పుల మోత. జెర్సీ సిటీలో మేం అద్దెకుండే ఆ బిల్డింగ్‌లో గోడలు పేరుకే గోడలు. నాలుగు మెట్లు దిగి తలుపు కొట్టాను. డెబ్బై దాటిన మనిషి, బనీను మీద ఉన్నారు. నేను నోరు తెరిచేలోపే లోపలికి లాగి కుర్చీలో కూలేసి, "ఇప్పుడు విను" అన్నారు. సౌండు తగ్గించమని అడగడానికి వెళ్లినవాణ్ని రెండున్నరకి బయటపడ్డాను. సౌండు తగ్గలేదు.

స్పానిష్‌లో ఈ జాతిని 'మెలోమనో' అంటారు. మన మాటల్లో సంగీతపిచ్చోడు. న్యూయార్క్, శాన్ హువాన్, కరాకస్, కొలంబియాలోని కాలి, ఎక్కడికెళ్లినా దొరుకుతారు. మనకీ వీళ్ల జ్ఞాతులున్నారు. పెళ్లివారింట్లో పాత పాట ఎత్తుకోగానే అక్షింతలు చేతిలో పట్టుకునే "ఇది రాసిందెవరు? చెప్పండి చూద్దాం" అని పక్కవాడి ప్రాణం తీస్తారే, వాళ్లు. అయితే మనవాళ్లు ప్రశ్న వేసి పాటని వదిలేస్తారు. ఈయన పాటని కూడా వదలరు.

హాల్లో మూడు గోడలు రికార్డులే. బాత్‌రూమ్‌కి వెళ్లే దారిలో ఇంకో వరస, పక్కకి తిరిగి నడవాలి. ఇంత సంపద ఉన్న కొంపలో ఒక్క పాటనీ మొదటినుంచి చివరిదాకా విన్న పాపాన పోలేదు నేను. పాట ఊపందుకుంటుంది. తల ఊపబోతాను. సరిగ్గా అప్పుడే ఆయన చెయ్యి ముల్లు మీదికి పోతుంది.

"విన్నావా?"

"ఏది సర్?"

"అదే!"

ముల్లు ఎత్తి, వెనక్కి జరిపి, మళ్లీ పెడతారు. ఎడ్డీ పాల్మియెరి 1965లో చేసిన 'అసూకర్' అనే పాట ఎనిమిది నిమిషాలు దాటుతుంది. ఆయన పద్ధతిలో దానికి ఒక సాయంత్రం పట్టింది. ఎడమ చెయ్యి పియానో మీద ఒకే ముక్కని గానుగెద్దులా తిప్పుతూ ఉంటే, కుడి చెయ్యి తాడు తెంపుకుని ఊరు మీద పడుతుంది. రెండూ ఒకే మనిషి చేతులంటే నమ్మబుద్ధి కాదు. ఆయన చూపించాలనుకున్నది అది. నాకు మాత్రం ఇంకోటి వినిపించింది.

"సర్, వెనకాల ఎవరో మూలుగుతున్నారు. ఒంట్లో బాలేదేమో."

ఆయన కళ్లు చెమర్చాయి. "అది ఎడ్డీయే, మిహో. వాయిస్తూ మూలుగుతాడు. నీకు చెవులున్నాయి!"

మిహో అంటే 'నాయనా' అన్నమాట. మూలుగుని పట్టుకున్నందుకు నాకు చుట్టరికం దొరికింది.

అంతకుముందు మాత్రం మర్యాదకి పోయి "మీరు పెట్టే సల్సా బావుంటుంది సర్" అని ఒక తప్పు చేశాను. ఆయన మొహం ముడుచుకుంది. "సల్సా అంటే చట్నీ. చట్నీని ఎవరైనా వింటారా?" టిటో పుయెంటే అంతటి విద్వాంసుడు కూడా బతికున్నన్నాళ్లూ ఇదే గొడవ పెట్టేవాడట, సల్సా అనేది తినేదే గాని వాయించేది కాదని. ఇది సోన్, ఇది గ్వారాచా, ఇది మాంబో, ఇది బొలేరో, ఇదేమో మా ప్యూర్టో రికో ప్లేనా అంటూ గోడల చుట్టూ ప్రదక్షిణం చేయించారు. ఇన్నిటినీ కలిపి సల్సా అని పేరెట్టింది అమ్ముకునేవాళ్లట. ప్రదక్షిణం పూర్తయ్యేసరికి ఎదురుగా అలమారాకి అట్టముక్క అంటించి ఉంది: పెద్దక్షరాలతో 'సల్సా'.

"అది మా ఆవిడ రాసింది" అన్నారు, అటు చూడకుండా.

అమ్ముకునేవాళ్ల మీద అంత కోపమున్న మనిషి ఫానియా కంపెనీ పేరెత్తితే మాత్రం పురాణం విప్పినట్టే. డొమినికన్ రిపబ్లిక్‌లో పుట్టిన ఫ్లూటు విద్వాంసుడు జానీ పచేకో. ఆయన విడాకుల కేసు చూసిన లాయరు జెర్రీ మసూచి, పూర్వాశ్రమంలో పోలీసు. ఒక సంసారం విడిపోయిన చోట 1964లో ఒక కంపెనీ పుట్టింది. మొదట్లో పచేకో రికార్డుల్ని కారు డిక్కీలో వేసుకుని కొట్టు కొట్టుకీ తిరిగి అమ్మాడు. పదేళ్లు తిరిగేసరికి న్యూయార్క్‌లో ఈ సంగీతం పాడేవాళ్లలో పేరున్నవాళ్లు చాలామంది అదే గొడుగు కిందికి చేరారు. వాళ్లకి డబ్బు సరిగా ముట్టిందా లేదా అన్న అధ్యాయం వచ్చినప్పుడు మా పెద్దాయన దగ్గొచ్చినట్టు నటిస్తారు. భక్తుడు కదా.

ఆదివారాలు యూనియన్ సిటీ నుంచి ఒక క్యూబా పెద్దమనిషి బస్సెక్కి వస్తారు. జాతి ఒకటే, శాఖ వేరు. ఒకే గుడి, రెండు నామాలు. న్యూయార్క్‌వాళ్లు కనిపెట్టింది గుండుసున్నా అని ఆయన సిద్ధాంతం. కళ్లు లేని అర్సెనియో రోద్రిగేజ్ 1940ల్లోనే హవానాలో సోన్ బృందానికి పియానో, కొంగా డోలు, ట్రంపెట్లు చేర్చి పని ముగించేశాడట. తక్కినవాళ్లంతా ఆయన వండిన కుండ నాకినవాళ్లేనట. "మరి పాల్మియెరి 1961లో పెట్టిన ట్రాంబోన్లో?" అని మావాడు లేస్తారు. కాఫీ చల్లారుతుంది. చివరికి వాదన ఎప్పుడూ గాయని సెలియా క్రూజ్ ఎవరి సొత్తన్న దగ్గర ఆగుతుంది. పుట్టింది హవానాలో, కాబట్టి మాది అంటారు ఆయన. 1960లో ఆ దేశం వదిలేసింది, 1974లో పచేకోతో చేసిన రికార్డుతోనే కదా మళ్లీ నిలబడింది, కాబట్టి మాది అంటారు ఈయన. ఒకరోజు ఉండబట్టలేక, "ఆవిడ 2003లో పోయింది ఇక్కడే, ఫోర్ట్ లీలో కదండీ. ఆ లెక్కన మన న్యూజెర్సీ ఆవిడే" అన్నాను. అరవై ఏళ్ల వైరం ఆ క్షణంలో సమసిపోయింది. ఇద్దరూ కలిసి నా మీద పడ్డారు.

కాలి నగరం శాఖవాళ్లు అప్పుడప్పుడు వస్తారు గాని, వాళ్లని ఈ ఇద్దరూ లెక్కచెయ్యరు. కాలివాళ్లు పూర్వం 33 వేగంలో తిరగాల్సిన రికార్డుని 45లో తిప్పి, ఆ పరుగుకి తగ్గట్టు కాళ్లాడించేవాళ్లట. వినడమే వృత్తిగా పెట్టుకున్నవాళ్లకి, ఆడేవాళ్లంటే కాస్త చిన్నచూపు. మా పెద్దాయన ఆడగా నేను చూడలేదు. స్పీకరు పక్కన చేతులు కట్టుకుని నిలబడతారు, శవం దగ్గర నిలబడ్డట్టు.

క్లావే పాఠం మాత్రం మర్చిపోలేను. ఈ సంగీతానికి వెన్నెముక అదే: రెండు కొయ్యముక్కలు, అయిదు దెబ్బలు. పియానో, బేస్, డోళ్లు, పాడేవాడు, అందరూ దానికి కట్టుబడాలి. ఆయన రెండు చెంచాలు తీసి బల్లమీద కొట్టి చూపించారు. నేను చిన్నప్పుడు విజయవాడలో రెండేళ్లు మృదంగం నేర్చుకున్నవాణ్ని. ఆ గర్వంతో తొడమీద ఆదితాళం మొదలెట్టాను. ఆయన నా మణికట్టు పట్టుకుని ఆపేశారు, వాహనం ఆపినట్టు. "క్రుసాదో!" అన్నారు. అడ్డంగా పోయావు అని. ఈ జాతి నోట్లో అంతకన్నా పెద్ద బూతు లేదు.

పైకెళ్లి నిద్ర మానేసి లెక్కేశాను. ఆవృతానికి పదహారు అక్షరాలనుకుంటే దెబ్బలు ఒకటి, నాలుగు, ఏడు, పదకొండు, పదమూడు మీద పడుతున్నాయి. అంటే తకిట, తకిట, తకధిమి, తక, తకధిమి. ప్రతి 'త' మీదా చెంచా! ఆదితాళంలో వేళ్లు ఎంచుకుంటూ చూస్తే నాలుగు దెబ్బలు బుద్ధిగా కుదురుతాయి, ఆ రెండోది మాత్రం చిటికెన వేలికీ ఉంగరపు వేలికీ మధ్య సందులో పడుతుంది. నన్ను అడ్డం పోనిచ్చింది ఆ సందే. పొద్దున్నే ఆఫీసుకి పోతూ తలుపు కొట్టి, గడప దగ్గరే నిలబడి వినిపించాను. ఆయన కళ్లు మూసుకుని విన్నారు. తకధిమి అంటే ఏమిటని అడగలేదు. "సరే. ఇప్పుడు రెండో సగం నుంచి మొదలెట్టు. రెండు ముందు, మూడు వెనక" అన్నారు. నా రైలు పోయింది.

అట్టలు చదవడం ఇంకో విద్య. సగం బృందం ఒక్కసారి వదిలేసి పోతే, రే బరెటో కొత్తవాళ్లని చేర్చుకుని 1973లో 'ఇన్‌డెస్ట్రక్టిబుల్' చేశాడు. అట్టమీద చొక్కా గుండీలు విప్పుతుంటే లోపల సూపర్‌మ్యాన్ బనీను. విల్లీ కొలోన్ అయితే పదిహేడేళ్లకి, 1967లో, మొదటి రికార్డు తెచ్చి దానికి 'ఎల్ మాలో' అని పేరెట్టుకున్నాడు, చెడ్డవాడు అని. ఆ తర్వాత అట్టల్లో చాలావాటిమీద గూండా వేషమే. 'కోసా న్వేస్త్రా' అట్ట మీద ఒడ్డున ట్రాంబోన్ పెట్టెతో నిలబడి ఉంటాడు, కాళ్ల దగ్గర శవం. దాన్ని చేతిలో పట్టుకుని ఉండగా ఇంటినుంచి వీడియో కాల్ వచ్చింది.

"ఎవర్రా ఆ పడుకున్నాయన?" అంది అమ్మ.

"పాటల రికార్డమ్మా."

"పాటలకి మనుషుల్ని చంపుకోడమేంట్రా? ఆ ముసలాయన ఏం చేస్తుంటాడు అసలు?"

పోస్టాఫీసులో చేసి రిటైరయ్యాడంటే అమ్మ శాంతించేది. కాని ఆయన చేసింది గోదాములో. పోస్టువాళ్లంటే మాత్రం ఆయనకి ఎక్కడలేని గౌరవం. కారణం ఉంది. చెయో ఫెలిసియానోకి 'అనకావోనా', ఎక్తోర్ లవోకి 'పెరియోదికో దె అయేర్' రాసిచ్చిన టీటే కురేత్ అలోన్సో ప్యూర్టో రికోలో తపాలా ఉద్యోగి. రూబెన్ బ్లేడ్స్ పనామాలో లా చదువుకుని న్యూయార్క్ వచ్చి, ఫానియా ఆఫీసులో ఉత్తరాలు సర్దే గదిలో చేరాడు. తర్వాత తన దేశంలో అధ్యక్ష పదవికి పోటీ కూడా చేశాడు. అందుచేత మా వీధికొచ్చే పోస్టావిడ కరెంటు బిల్లు ఇచ్చినప్పుడల్లా, "ఏమన్నా రాస్తున్నావా?" అని అడుగుతారు. సంతకం పెట్టాలా అని అడుగుతున్నారనుకుని ఆవిడ పెన్ను ఇస్తుంది.

ఇక యాంకీ స్టేడియం. 1973 ఆగస్టు 24న ఫానియా ఆల్ స్టార్స్ అక్కడ కచేరీ చేశారు. నలభై వేల పైచిలుకు జనం. మోంగో శాంతమరియా, బరెటో కొంగాల మీద పోటీకి దిగేసరికి జనం ఆగలేక కంచెలు దూకి మైదానంలోకి ఉరికారు, కచేరీ అక్కడితో సరి. ఈ జాతిలో ఆ రాత్రి అక్కడ లేనివాణ్ని నేనింతవరకు చూడలేదు. మావాడు కంచె దూకి చొక్కా కూడా చింపుకున్నారట. వంటింట్లోంచి వాళ్లావిడ గొంతు వినిపించింది: "డెబ్బై మూడు ఆగస్టులో ఈయన పోన్సేలో వాళ్లమ్మమ్మ దగ్గర ఉన్నాడు. అమ్మవారు పోసి."

ఆయన తొణకలేదు. 'లైవ్ ఎట్ యాంకీ స్టేడియం' రికార్డు తీసి నా ఒళ్లో పెట్టారు. "ఇందులో చాలాభాగం ఎక్కడ రికార్డు చేశారో తెలుసా? శాన్ హువాన్లో, రొబెర్తో క్లెమెంతే హాల్లో. ఈ రికార్డు ప్యూర్టో రికోలో ఉండి యాంకీ స్టేడియంలో ఉన్నాననొచ్చు గాని, నేను అనకూడదా?"

నిజంగానే అందులో చాలాభాగం అక్కడే రికార్డయింది. నాకు జవాబు దొరకలేదు, ఇప్పటికీ దొరకలేదు.

ఒకసారి ఫోన్లో పెట్టి వినిపించబోయాను. ఆయన దాన్ని చెవికి కాదు, ముక్కుకి పెట్టుకున్నారు. "బేస్ ఏదీ?" పోపు పెట్టని పప్పు వాసన చూస్తున్నట్టే ఉంది ఆ చూపు. పైగా షఫుల్లో ఉంది. లారీ హార్లో 'టామీ' అనే రాక్ సంగీత నాటకాన్ని చూసి 1973లో 'ఓమీ' అని ఒక సంగీత నాటకమే కట్టాడు, మొదలూ చివరా ఉన్న కథ. ఆ సంగతి తెలియక దాన్ని అటూ ఇటూ చేసి వినేశాను. మాయాబజార్ రీళ్లు తారుమారు చేసి చూసి, ఘటోత్కచుడు ముందే ఎందుకొచ్చాడని అడిగినట్టు అయింది నా పని.

2025 ఆగస్టులో పాల్మియెరి పోయాడు. రెండు రోజులు కింద చప్పుడు లేదు. నిశ్శబ్దానికి నాకు నిద్ర పట్టలేదు. మూడో రాత్రి 'అసూకర్' మొదలైంది. మెట్లమీద కూర్చుని విన్నాను. ఆ ఒక్కసారి ముల్లు లేవలేదు.

'సియెంబ్రా' నేను వినలేదని బయటపడింది ఆ తర్వాతే. 1978లో కొలోన్, బ్లేడ్స్ కలిసి చేసిన రికార్డు. సల్సా అన్న మాట తెలిసినవాళ్లందరి ఇంట్లో ఉండేది. వినలేదన్నానని నవ్వుతారనుకున్నాను. ఆయన గోడకి ఆనుకుని, "అసలు వినలేదా? ఒక్కసారి కూడా?" అన్నారు. ఆ చూపులో ఉన్నది జాలి కాదు, కుళ్లు. పెళ్లిభోజనం చేసి లేచినవాడు అప్పుడే విస్తరి ముందు కూర్చున్నవాణ్ని చూసినట్టు.

వెంటనే వినిపించారా? రామ రామ. "నా అనుమతి లేకుండా వినకు" అని ఒట్టేయించుకున్నారు. ముందు 'ఎల్ మాలో', తర్వాత 'కోసా న్వేస్త్రా', తర్వాత 'లో మాతో', అలా వరసగా. రెండున్నర నెలలు. రెస్టారెంట్లో ఆ పాటలేవైనా వస్తాయేమోనని బయట తినడం మానేశాను.

చివరికి ఒక శుక్రవారం పిలిచారు. క్యూబా పెద్దమనిషి కూడా వచ్చారు. ఆవిడ వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. నన్ను మధ్య కుర్చీలో కూర్చోబెట్టి, ముల్లు పెట్టి, ఆయన నా ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చున్నారు, పెళ్లిచూపుల్లో లాగా. ముగ్గురూ నా మొహమే చూస్తున్నారు.

మొదలైంది. వయొలిన్లు, ధన్ ధన్‌మని డ్రమ్ము. ఎక్కడో అద్దాల గోళం తిరుగుతున్నట్టుంది. నాకేమీ అర్థం కాలేదు.

"సర్, వేరే రికార్డు పెట్టినట్టున్నారు. ఇది డిస్కో."

ఆయన తొడ చరుచుకుని లేచారు. "అన్నాడు! చూశావా, అన్నాడు!" క్యూబా పెద్దమనిషి జేబులోంచి అయిదు డాలర్లు తీసి ఆవిడకిచ్చారు. వెనకాల ఆ డిస్కో వేషం జారిపోయి, క్లావే దిగి, అసలు పాట మొదలవుతోంది. నా చెవి అటే పోయింది, తల ఊగబోయింది. ఆ వైపున మూడో పాట 'పెద్రో నవాహా'. పేరు విన్నాను గాని, ఆ రాత్రి అక్కడిదాకా పోలేదు.

ఎందుకంటే ఆయన చెయ్యి అప్పటికే ముల్లు మీద ఉంది. ఎత్తి, మొదటికి తెచ్చి పెట్టి, స్టూలు ఇంకాస్త దగ్గరికి లాక్కున్నారు.

"మిహో, మళ్లీ అను."