నేతి బీరకాయ విమానాలు

నేతి బీరకాయలో నెయ్యి ఉందనుకునేవాణ్ని చూసి నవ్వుతాం. ‘హరిత విమానం’లో పచ్చదనం ఉందనేవాడికి మాత్రం శాలువా కప్పుతాం. 2008 ఫిబ్రవరిలో వర్జిన్ అట్లాంటిక్ సంస్థ లండన్ నుంచి ఆమ్‌స్టర్‌డామ్‌కు ఓ జంబోజెట్‌ను జీవ ఇంధనంతో నడిపానని చాటింది. నాలుగు ఇంజన్లలో ఆ భాగ్యం ఒక్కదానికే. ఆ ఒక్కదాంట్లోనూ కొబ్బరి, బబాసు నూనెల పాలు 20 శాతం. 2018 ఆగస్టులో మన వంతు వచ్చింది. స్పైస్‌జెట్ విమానం 25 శాతం అడవి ఆముదం ఇంధనం కలుపుకొని డెహ్రాడూన్ నుంచి ఢిల్లీ చేరితే కేంద్ర మంత్రులు ఎదురెళ్లి స్వాగతం చెప్పారు. 2003లో ప్రణాళికా సంఘం బంజరు భూములకు సిరిగా చూపించిన మొక్కే అది. బంజరులో మొక్క బతికింది గానీ అనుకున్న కాపు రాలేదు. నేలమీద డీజిల్‌కే చాలని నూనె ఆకాశాన్ని ఉద్ధరిస్తుందట!

‘తొలి అడుగు చిన్నదే అవుతుంది కదా’ అంటారు. నిజమే. కానీ తొలి అడుగు పడి పదహారేళ్లయ్యాక, అంటే 2024లో, ప్రపంచ విమాన ఇంధనంలో ఈ కొత్తరకం వాటా ఎంత? విమాన సంస్థల సంఘం అయాటా లెక్క ప్రకారమే 0.3 శాతం. సముద్రంలో కాకిరెట్ట. ఈ ఇంధనం మండినా పొగగొట్టంలోంచి వచ్చేది దాదాపు అంతే బొగ్గుపులుసు వాయువు. ఆ కర్బనం భూగర్భం నుంచి తవ్వింది కాదు, ఏ మొక్కో గాలిలోంచి పీల్చుకున్నది అన్నదే దాని పుణ్యం. వాదన సబబే, సరుకే కరువు. ఇప్పుడు ఎక్కువగా వాడుతున్నది వంటనూనె మడ్డి, జంతువుల కొవ్వు. ప్రపంచ విమానాలన్నీ దానిమీదే ఎగరాలంటే భూగోళం మొత్తం పొద్దస్తమానం మిరపకాయ బజ్జీలు వేయిస్తూ కూర్చోవాలి. ఇక వర్జిన్ 2023లో ‘నూరు శాతం సుస్థిర ఇంధనం’తో అట్లాంటిక్ దాటామని రేడియోలో చేసుకున్న ప్రకటనను మరుసటి ఏడే బ్రిటన్ ప్రకటనల నియంత్రణ సంస్థ తప్పుపట్టింది. కేఎల్ఎం సంస్థ ‘బాధ్యతగా ఎగరండి’ ప్రచారంలోని మాటలు జనాన్ని తప్పుదోవ పట్టించేవని 2024 మార్చిలో ఆమ్‌స్టర్‌డామ్ కోర్టు తేల్చింది. ఇక పరిహారం పేరిట పొగ ఇక్కడ వదిలి చెట్టు ఇంకెక్కడో నాటించడం, పాపం ఒకరు చేసి గంగలో మునగడానికి కూలిమనిషిని పంపినట్టుంది.

‘ఇంధనం సంగతి సరే, ఇంజన్ల మాటేమిటి?’ అని అడగవచ్చు. అది న్యాయమైన ప్రశ్న. ఎయిర్‌బస్ ఏ320 నియో వంటి కొత్త విమానాలు పాతవాటికంటే దాదాపు 15 శాతం తక్కువ తాగుతాయి, చప్పుడూ తక్కువే. ఇంజనీర్ల ప్రతిభకు దండం పెట్టాల్సిందే. అయితే 1990 తర్వాత విమానాల పొదుపు రెట్టింపుకు మించింది, ప్రయాణాలు సుమారు నాలుగు రెట్లయ్యాయి. ఫలితం: మొత్తం ఉద్గారాలు రెట్టింపు. 2023లో ఎయిరిండియా 470, ఇండిగో 500 విమానాలకు ఆర్డరిచ్చాయి. అదే ఏడాది ప్రభుత్వం 2027కల్లా అంతర్జాతీయ విమానాల ఇంధనంలో ఒక శాతం హరితం కలపాలని లక్ష్యం పెట్టింది. విమానాలు వందల్లో, పచ్చదనం ఒకట్లలో. ఒక్కో విమానం గొంతు తగ్గినా ఇంటిమీదుగా పోయే విమానాలు పెరిగితే రన్‌వే పక్కవాడికి దక్కే నిద్ర ఎంత?

‘అయితే ఎడ్లబండెక్కి పొమ్మంటారా?’ అన్నది ఆఖరి అస్త్రం. అక్కర్లేదు, అబద్ధం ఎక్కకుండా పోతే చాలు. సీటుకు ఎంత ఇంధనం మిగిలిందో కాదు, సంస్థ మొత్తం ఏడాదికి ఎంత కాల్చిందో, నిరుటికంటే పెరిగిందో తగ్గిందో టికెట్టు మీద అచ్చువేయమనండి. రైలు నాలుగైదు గంటల్లో చేర్చే దూరాలకు రైలునే బాగుచేయమనండి. టికెట్టు మీది ఆ అంకె ఏటా తగ్గిన నాడు పచ్చరంగు పులుముకోనివ్వండి. అప్పటిదాకా బీరకాయను బీరకాయ అనే పిలుద్దాం.