మూడు ముళ్లు, 3000 ఫొటోలు

పెద్దమందడిలో పెళ్లయిన ఇంటికి పోయి చూడండి, చాయ్ కన్నా ముందు రిమోట్ వస్తుంది. మెమరీ కార్డును రీడర్‌లో పెట్టి టీవీకి గుచ్చుతారు. తలుపు దగ్గరికి వేస్తారు. 3000 ఫొటోలు, ఒక్కోదానికి 5 సెకన్లు. లెక్కేస్తే 4 గంటల 10 నిమిషాలు! తాళి కట్టడానికి అర నిమిషం కూడా పట్టలేదు మరి.

అదీ టీవీ దయ తలిస్తేనే. 64 జీబీ కార్డు ఎక్స్‌ఫ్యాట్‌లో ఉంటుంది, పాత టీవీలు కొన్ని దాన్ని గుర్తుపట్టవు. బావగారి ఐఫోన్ ఫొటోలా? 2017 నుంచి అవి హీక్ ఫైళ్లు, చాలా టీవీలకు అంటరానివి. కొన్ని టీవీల్లో నిలువు ఫొటోలు అడ్డం తిరుగుతాయి. అప్పగింతల్లో పెళ్లికూతురు పడుకొని ఏడుస్తుంటే, పక్కన మేనమామ గోడమీద నడుస్తుంటాడు. ఆ ఒక్కటే చూడబుద్ధేసే ఫొటో.

24 మెగాపిక్సెళ్ల కెమెరా అని గొప్పలు వేరే. 4కె టీవీ చూపించేది 83 లక్షల చుక్కలే.

అయ్యా పెళ్లివారూ, యాభై ఏరి జేపెగ్‌లో పెట్టండి. మిగతా 2950 మేం చూసినట్టే రాసుకోండి.