ఇరిడియం స్వామికి కొబ్బరికాయ

హైదరాబాద్ శివారు పటేల్‌గూడలో విమానం కట్టేవాడు ఒక్కడు దొరకడం కష్టం. కట్టబోయే విమానానికి ఏ స్పార్క్ ప్లగ్ వేయాలో చెప్పేవాళ్లు మాత్రం ఏ చాయ్ బండి దగ్గరైనా నలుగురుంటారు. బీరంగూడ కమాన్ నుంచి కిష్టారెడ్డిపేట మీదుగా సుల్తాన్‌పూర్ ఔటర్ దాకా ఈ శాస్త్రం ఉచితంగానే దొరుకుతుంది. "అన్నా, ఆ మామూలు ప్లగ్ పీకి పారెయ్. ఇరిడియం వేస్కో. పికప్ ఎట్లుంటదో చూడు. మైలేజ్ గూడ పది పెరుగుతది." ఎవరి బండికి పెరిగిందయ్యా అంటే, జవాబు ఎప్పుడూ ఒక్కటే: "మా దోస్తు బండికి." ఆ దోస్తును చూసినవాడు లేడు. అతని బండి పెట్రోలు బంకుకు పోగా చూసినవాడూ లేడు, బహుశా మైలేజీ అంత పెరిగిందేమో.

బండి వరకైతే ఈ భక్తికి నష్టపోయేది జేబు ఒక్కటే. ఇప్పుడు దానికి రెక్కలు మొలుస్తున్నాయి. ముంబయి పైలట్ అమోల్ యాదవ్ కాందివలిలోని తన అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద ఆరు సీట్ల విమానం కట్టారు. 2016 మేకిన్ ఇండియా ప్రదర్శనలో పెట్టారు. 2017లో రిజిస్ట్రేషన్, 2019లో ఎగరడానికి అనుమతి తెచ్చుకున్నారు. ఆ ఏళ్లన్నీ ఆఫీసుల చుట్టూ, కాగితాల వెంట తిరిగినవే. మనవాళ్లకు అందులో గుర్తున్నది టెర్రస్ ఒక్కటే. టెర్రస్ మన దగ్గరా ఉంది. ఇంకేం, విమానం సగం అయిపోయినట్టే.

ఇలా బయలుదేరిన ఔత్సాహికుడు అడిగే మొదటి ప్రశ్న గమనించండి. రెక్క ఎంత పొడవుండాలి అనడు. ఇంజిన్ ఎన్ని గంటలకోసారి విప్పాలి అనడు. "ప్లగ్ ఏది వేద్దాం?" అంటాడు. ఎందుకంటే మొత్తం విమానంలో అతను ఇదివరకు కొన్న వస్తువు అదొక్కటే.

అసలు నమ్మకం దగ్గరికొద్దాం. నిప్పురవ్వ పెద్దదైతే ఇంజిన్‌కు బలం పెరుగుతుందట. పెద్ద అగ్గిపుల్లతో పొయ్యి వెలిగిస్తే అన్నం ఎక్కువవుతుందా? ప్లగ్ రవ్వలో ఉండే శక్తి పదుల మిల్లీజౌళ్లు. దాంతో అంటుకున్న పెట్రోలు, గాలి కలిసి విమాన ఇంజిన్ ఒక సిలిండర్లో ఒక్కసారి ఇచ్చే వేడి వేల జౌళ్లు. లెక్కలో పదుల వేల రెట్లు తేడా. రవ్వ పని అంటించడం. అంటుకుందా, పని అయిపోయింది. అంటుకోలేదా, పని జరగలేదు. ఇంతకు మించి దానికి ప్రమోషన్ లేదు.

ఈ సంగతి తెలియడానికి మనం అమెరికా పోనక్కర్లేదు. పక్కనే రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్ గ్యాస్ టర్బైన్లు తయారు చేసిన చోటు. టర్బైన్లో మంట ఒకసారి అంటుకున్నాక రవ్వతో పనే లేదు, మంట తనంతట తానే మండుతుంది. తలెత్తి చూస్తే దుండిగల్ వైమానిక దళ అకాడమీ విమానాలు. 2013 నుంచి అక్కడ కుర్ర పైలట్లు నేర్చుకునే పిలాటస్ పీసీ-7లో ఉన్నదీ టర్బైన్ ఇంజినే. అందులో రవ్వ పుట్టించే ఇగ్నైటర్ ముఖ్యంగా స్టార్టింగ్ కోసమే. మన ఔత్సాహికుడు చాయ్ తాగుతూ ఆ విమానాన్ని చూపించి, "దాంట్ల గూడ ఇరిడియమే ఉంటది" అని తేల్చేస్తాడు. 1903లో రైట్ సోదరుల విమానానికైతే అసలు స్పార్క్ ప్లగ్గే లేదు. మెకానిక్ చార్లీ టేలర్ చేసిన ఆ ఇంజిన్లో సిలిండర్ లోపలే రెండు పాయింట్లు అంటుకుని విడిపోతే రవ్వ పుట్టేది. ఆ విమానం మొదటిసారి 12 సెకన్లు ఎగిరింది. మైలేజ్ ఎంతిచ్చిందో మాత్రం రాసిపెట్టలేదు.

ఇరిడియం చెడ్డదని కాదు. కరగడానికి 2,400 డిగ్రీలు దాటాల్సిన లోహం, సన్నని తీగలా పెట్టినా తొందరగా అరగదు. విమాన పెట్రోల్లో సీసం కలుపుతారు; మన దేశంలో ఆ 100 ఎల్‌ఎల్ రకం ఇండియన్ ఆయిల్ 2022లో తయారు చేయడం మొదలుపెట్టేదాకా దిగుమతి చేసుకున్నాం. ఆ సీసం చిన్న చిన్న బూడిదరంగు గుళ్లుగా ప్లగ్ లోపల పేరుకుంటుంది. సన్న తీగ ప్లగ్గులో చోటెక్కువ కాబట్టి అవి తొందరగా ఇరుక్కోవు. ధర కొన్ని రెట్లు ఎక్కువైనా కొనడానికి ఇది న్యాయమైన కారణం. చాయ్ బండి దగ్గర ఈ కారణం ఒక్కరి నోటా రాదు. అక్కడ కారణం "పికప్".

ఇక హీట్ నంబరు. ప్లగ్ మొన వేడి సుమారు 450 డిగ్రీల కంటే తగ్గితే మసి పడుతుంది. 850 దాటి పోతుంటే రవ్వ రాకముందే ఆ మొనే పెట్రోలును అంటిస్తుంది, అప్పుడు పిస్టన్‌కు బొక్క పడొచ్చు. లింగంపల్లి సిగ్నల్ నుంచి తర్వాతి సిగ్నల్ దాకా బండి ఫుల్ రేజులో ఉండేది సెకన్లే. విమానం పైకెక్కేటప్పుడు నిమిషాల తరబడి ఫుల్ రేజు, ఆ తర్వాత గంటల తరబడి ముప్పావు రేజు. అందుకే వేడిని తొందరగా సిలిండర్ హెడ్‌లోకి వదిలే 'కోల్డ్' ప్లగ్ ఏదో, వదలని 'హాట్' ప్లగ్ ఏదో తెలియాలి. తెలిసేదెలా? ఎన్‌జీకే కంపెనీ ప్లగ్గుల్లో అంకె పెరిగితే ప్లగ్ చల్లన. బాష్‌లో, ఛాంపియన్‌లో అంకె పెరిగితే వేడి. మనవాడి సూత్రం వీటన్నిటికంటే సులువు: పెద్ద నంబరుంటే పెద్ద ప్లగ్.

గ్యాప్ సంగతి చెప్పకపోతే పాపం. పటాన్‌చెరు ఇండస్ట్రియల్ ఏరియాలో మైక్రోమీటర్ లేనిదే షాఫ్టు మీద చెయ్యి వేయని లేత్ పనివాళ్లున్నారు. అదే మనిషి సాయంత్రం గేటు బయటికొచ్చి బండి ప్లగ్ గ్యాప్‌ను హాక్సా బ్లేడుతో కొలుస్తాడు. హాక్సా బ్లేడు మందం ఇంచుమించు 0.6 మిల్లీమీటర్లు, చాలా బండ్లకు దగ్గర దగ్గరగా సరిపోతుంది. బ్యాటరీ లేకుండానే రవ్వకు కరెంటు పుట్టించే మాగ్నెటోతో నడిచే విమాన ఇంజిన్లో మామూలు ప్లగ్ గ్యాప్ 0.4 నుంచి 0.53 దాకానే. అక్కడ బ్లేడుతో కొలిస్తే గ్యాప్ ఎక్కువే అవుతుంది.

వైర్లకు వస్తే వ్యాపారం ఇంకా రంజుగా ఉంటుంది. ఎర్రటి, నీలపు, బొటనవేలంత లావు రేసింగ్ వైర్లు. విమానం వైర్లకు పైన లోహపు జాలీ ఉంటుంది, చూడ్డానికి మురికి గొట్టంలా ఉంటుంది. ఆ జాలీ లేకపోతే ప్రతి రవ్వా రేడియోలో చిటపటలాడుతుంది. విమాన రేడియో ఇప్పటికీ ఏఎం పద్ధతిలోనే నడుస్తుంది కాబట్టి, కంట్రోల్ టవర్ వాడు ఏం చెబుతున్నాడో వినబడదు, సొంత ఇంజిన్ మాత్రం స్పష్టంగా వినబడుతుంది. ఎర్ర వైరు కొన్నవాడికి అదీ ఆనందమేనేమో.

రెండు ప్లగ్గుల కథ అసలైనది. విమాన ఇంజిన్లో ఒక్కో సిలిండర్‌కు రెండు ప్లగ్గులు, రెండింటికీ వేర్వేరు మాగ్నెటోలు, ఆ మాగ్నెటోలకు బ్యాటరీతో సంబంధమే లేదు. ఇంజిన్ తిరిగినంతసేపూ కరెంటు అవే పుట్టించుకుంటాయి. ఇంత తెలివిని పక్కనపెట్టి మనవాడు రెండు కాయిళ్లు కొని, రెండింటినీ ఒకే బ్యాటరీకి, ఒకే ఫ్యూజుకు, ఒకే తాళంచెవికి కలిపి "డబుల్ ఇగ్నిషన్" అంటాడు. ఆ ఫ్యూజు కొట్టేస్తే రెండూ డబుల్‌గానే ఆగిపోతాయి. అమెరికావాళ్ల బీ-36 బాంబరుకు ఆరు పిస్టన్ ఇంజిన్లు, 336 ప్లగ్గులు. అన్నిటినీ మార్చాల్సిన మెకానిక్కుల గోడు తలుచుకుంటే జాలేస్తుంది. కానీ అన్ని ప్లగ్గులను ఒకే ఫ్యూజుకు కలిపే తెలివి వాళ్లకు తట్టలేదు.

మాగ్నెటోకు ఇంకో విశేషం ఉంది. బండిలో ఇగ్నిషన్‌కు కరెంటిచ్చే వైరు తెగితే ఇంజిన్ ఆగుతుంది. మాగ్నెటో స్విచ్ వైరు తెగితే ఇంజిన్ ఆగదు, ఎందుకంటే ఆ వైరు పనే మాగ్నెటోను ఎర్త్ చేసి ఆపడం. అందుకే ఎగరబోయే ముందు పైలట్ ఒక్కో మాగ్నెటోను ఆపి చూస్తాడు. ఆర్‌పీఎం కొంచెం పడాలి. పడకపోతే మనవాడు సంబరపడతాడు, "చూసినవా, ఇరిడియం పవర్!" అని. అది వైరు తెగిన సూచన. తాళంచెవి జేబులో ఉన్నా, ప్రొపెల్లర్ రెక్కను చేత్తో కదిపితే ఇంజిన్ లేచే ప్రమాదముంది.

ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్‌లో నిజమైన లాభాలున్నాయి. వేగాన్ని బట్టి టైమింగ్ మారుతుంది, పల్చని మిశ్రమం కూడా అంటుకుంటుంది. కానీ దాన్ని పెట్టేవాడికి రెండో బ్యాటరీ గురించి బెంగ ఉండాలి. వైరు రంగు గురించి కాదు.

కాబట్టి విమానం కడుతున్న పటేల్‌గూడ సోదరులారా, ప్లగ్ నంబరు ఇంజిన్ కంపెనీ పుస్తకంలో చూసి కొనండి. బిగించేటప్పుడు చేతి బలం చూపించకండి. విమాన ఇంజిన్ల కంపెనీ లైకమింగ్ చెప్పేది 35 ఫుట్ పౌండ్లు, దానికి టార్క్ పానా కావాలి. చెయ్యి జారి కింద పడ్డ ప్లగ్‌ను తుడిచి పెట్టుకోకండి, లోపల పింగాణీ పగులు కంటికి కనబడదు, చెత్తబుట్టలో వేయండి. ఇరిడియం కొనాలనిపిస్తే కొనుక్కోండి, మీ డబ్బు. టార్క్ పానా మాత్రం దానికంటే ముందు కొనండి.