కొండవీటి విద్యాధికారి శ్రీనాథుల వారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ కవిసార్వభౌముల వారి సముఖానికి, నరసరావుపేట నుంచి ఒక రేషన్ కార్డుదారు చేసుకునే విన్నపం.

అయ్యా, ఆరువందల ఏళ్ల కిందట తమరు మా పల్నాడు వచ్చి రాళ్లనీ పాముల్నీ తేళ్లనీ తిట్టారు, పోనీలెండి. మా జొన్నకూటిని మాత్రం మరీ ఈసడించారు. పూతన విషం తాగిన కృష్ణుణ్ణే బచ్చలికూరతో ఒక్క ముద్ద మింగి చూడమన్నారు. ఆ చాటువును తమరు వెనక్కి తీసుకోవాలి. ఎందుకంటే ఇప్పుడా కూడు కలిగినవాళ్ల భోజనం. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరమని కూడా ప్రకటించింది.

సన్నన్నం దొరకలేదన్న తమరి బాధ ఏనాడో తీరింది. 1967లో సాగర్ నీళ్లొచ్చాయి. జొన్నచేలు వరి మళ్లయ్యాయి, మిరప తోటలయ్యాయి. 1983లో కిలో 2 రూపాయల బియ్యం వచ్చింది. ఇప్పుడు మనిషికి నెలకు 5 కిలోలు ఉచితం. ఆ బియ్యాన్ని నిందించను, మా ఇంటి ఆకలి తీర్చింది. చిక్కల్లా దాని పక్కన ఏమీ లేకపోవడమే. మిరపకాయల కోతకు పోయే ఆడమనిషి క్యారేజీ విప్పి చూడండి: అన్నం, పచ్చడి. కందిపప్పు కొంటే పాలకు ఉండవు, పాలు కొంటే పప్పుకు ఉండవు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వారు రోజుకు 400 గ్రాముల కూరగాయలు, 300 మిల్లీలీటర్ల పాలు తీసుకోమని 2024లో చెప్పారు. ఆ పట్టిక మాత్రం ఉచితమే.

తీరా చక్కెర వ్యాధి వచ్చాక డాక్టరు గారు అన్నం తగ్గించి జొన్నరొట్టె తినమంటారు. ఊరికే వచ్చేది మానాలి, కొనాల్సింది తినాలి. కూలి డబ్బులతో ఈ పథ్యం ఎన్నాళ్లు సాగుతుంది?

తమరికి ఇది అర్థం కాకపోదు. కనకాభిషేకం చేయించుకున్న తమరే చివరికి కృష్ణ ఒడ్డున గుత్తకు సాగు చేసి, పంట ఏటిపాలై, శిస్తు కట్టలేక నడివీధిలో శిక్ష అనుభవించారని చెబుతారు. ఆ రోజుల్లో జొన్నముద్ద ఎవరైనా పెడితే తమరు చాటువు చెప్పి ఉండరు.

నకలు: పౌరసరఫరాల శాఖ వారికి. మహాకవి జవాబు రాయలేరు కనుక తమరే చూడగలరు. బియ్యంలో కొంత తగ్గించి, మా మెట్ట రైతు దగ్గర మద్దతు ధరకు కొన్న జొన్నలు ఇప్పించండి. దాంతోపాటు కందిపప్పు కూడా, ఒక నెల ఇచ్చి మరో నెల మరవకుండా.