యాభై గుర్రాలు, ఒక పడవ

పాత క్యాంపర్ వ్యానుతో పడవ లాగదలచినవారు ముందుగా చేయవలసిన పని, లెక్కల్లో తమకు నచ్చినవి ఏరుకోవడం. బ్రిటన్‌లో ఇందుకు కావలసినవన్నీ దొరుకుతాయి. వ్యాను, 1970 నాటి ఫోక్స్‌వ్యాగన్ టైప్ 2. ఇంజను 1600 సీసీ, కొత్తలో సుమారు 50 గుర్రాల శక్తి. ఆ గుర్రాల్లో ఇప్పటికి ఎన్ని రిటైరయ్యాయో అడగడం మర్యాద కాదు. పడవ, మిర్రర్ డింగీ. 1960ల మొదట్లో డైలీ మిర్రర్ పత్రిక అండతో జాక్ హోల్ట్, బ్యారీ బక్‌నెల్ రూపొందించిన ప్లైవుడ్ పడవ ఇది. రాగి తీగతో కుట్టి, ఫైబర్‌గ్లాస్ పట్టీతో అతికించి ఎవరింట్లో వారు తయారు చేసుకోవచ్చు. పొడవు 3.3 మీటర్లు, ఒట్టి పడవ బరువు 45 కిలోలు.

ఈ 45 దగ్గరే కాగితం మడిచి జేబులో పెట్టేయాలి. ట్రైలరు, తెరచాప కొయ్య, తెడ్లు, లంగరు, ఎలాగూ ఖాళీయే కదా అని పడవలో పడేసిన టెంటూ మడత కుర్చీలూ తూచారంటే ప్రయాణం మానుకునే ప్రమాదం ఉంది. బ్రేకుల్లేని ట్రైలరు బరువు 750 కిలోలు, లేదా వ్యాను బరువులో సగం, ఏది తక్కువైతే దాన్ని మించకూడదని అక్కడి చట్టం. మిర్రర్‌కు ఆ ఇబ్బంది లేదు. ఇబ్బంది కొండలతోనే.

సామాను సర్దడంలోనూ కళ ఉంది. ట్రైలరు బరువులో 5 నుంచి 10 శాతం దాకా వ్యాను కొక్కెం మీద పడాలంటారు. ఇంజనే వెనక ఉన్న బండికి వెనక మరీ ఎక్కువ మోపితే ముందు చక్రాలు తేలికై, పక్కగాలికి స్టీరింగు మాట వినదు. అలాగని లంగరును పడవ వెనక్కి నెడితే ట్రైలరు తోక ఊపడం మొదలెడుతుంది. రెండూ రుచి చూడాలనుకునేవారు మధ్యమధ్య సామాను మార్చుకుంటూ పోవచ్చు.

దారి ఎంపికలో రాజీ పడరాదు. అల్స్‌వాటర్ సరస్సుకు పెన్రిత్ వైపు నుంచి సులువైన రోడ్డుంది, కాబట్టి దాన్ని వదిలేయాలి. అంబుల్‌సైడ్ నుంచి 454 మీటర్ల ఎత్తున్న కిర్క్‌స్టోన్ కనుమకు ఎక్కే నిట్రమైన దారిని స్థానికులు ‘ది స్ట్రగుల్’ అంటారు. పేరు పెట్టినవాళ్లకు పడవ కూడా లేదు. ఈ ఇంజనును చల్లబరిచేది గాలే. ఆ గాలి తోలే ఫ్యాను ఇంజనుతోపాటే తిరుగుతుంది. కాబట్టి ఇంజను మీద జాలిపడి, రొద ఎందుకని పై గేరులోనే ఈడిస్తే ఫ్యాను నెమ్మదించి వేడి ముదురుతుంది. రెండో గేరులో గోల పెట్టించడమే అసలైన దయ. అప్పటి మోడళ్లలో ఆయిల్ కూలర్ గాలిదారికి అడ్డంగా నిలబడేది, దాని వెనకున్న మూడో సిలిండరు ముందుగా ఉడికేది. ఈ సంగతి చెప్పడానికి డాష్‌బోర్డులో ఉష్ణోగ్రత మీటరు లేదు. ఆయిల్ ప్రెషర్ దీపం ఒకటుంది. అది వెలిగేసరికి చెప్పుకోవడానికేమీ మిగలకపోవచ్చు.

మామూలు రోడ్ల మీద ట్రైలరుతో గంటకు 50 మైళ్లు మించరాదన్న నిబంధన కూడా ఉంది. దాన్ని పాటించడానికి ప్రత్యేకించి ఏ ప్రయత్నమూ అక్కర్లేదు.

రేవు చేరగానే పడవను నీళ్లలోకి తోసెయ్యాలని చేతులు దురద పెడతాయి. దారంతా తిరిగి వేడెక్కిన చక్రాల హబ్బులు చన్నీళ్లలో మునిగితే లోపలి గాలి ముడుచుకుని, బేరింగుల్లోకి నీళ్లు పీల్చుకుంటాయి. అవి చల్లారేదాకా వ్యానులో స్టవ్ వెలిగించి టీ పెట్టుకోవాలి. ఈ యాత్ర మొత్తంలో ఏ జీపుకైనా ఈ వ్యాను సాటి రాగలిగేది ఇక్కడొక్కచోటే. ఆ తర్వాత రివర్సు. పొట్టి ట్రైలరు క్షణంలో అడ్డం తిరుగుతుంది. నాచు పట్టిన వాలులో తిన్నగా దిగినా, ఇంజను వెనకే ఉంది గనుక యజమాని కన్నా ముందు అదే సరస్సును పలకరిస్తుంది.

సాయంత్రం పడవను పైకి లాగేముందు అందులోని నీళ్లు తోడకూడదు. వంద లీటర్లంటే వంద కిలోలు, అంటే రెండు పడవల పైమాటే. వాలు మధ్యలో క్లచ్ మాడిన వాసన రాగానే హ్యాండ్‌బ్రేకు లాగి, చక్రాల కింద రాళ్లు పెట్టి, పక్కనున్న ల్యాండ్ రోవరు పెద్దమనిషి దగ్గరికి వెళ్లి టీ తాగుతారా అని అడగాలి.