ఒంటిమీద వెండి రేకు, కింద తడి నేల

మా రోజుల్లో కొండకి బయల్దేరినవాడి భుజం చూస్తే వాడు రాత్రి ఎలా గడపబోతున్నాడో తెలిసిపోయేది. మడత పెట్టిన గొంగళి, గోనెసంచి, కత్తి, చోడి అంబలి నింపిన ఆనపకాయ బుర్ర, తడవకుండా చుట్టిన అగ్గిపెట్టె. అంతే. ఇప్పటి కుర్రాళ్లని బ్యాగులో ఏముందని అడిగితే గ్రాముల లెక్క చెప్తున్నారు. మొన్న మా వీధి కుర్రాడొకడు పిడికిట్లో ఇమిడిపోయే పొట్లం చూపించి, "తాతా, ఇది ఎమర్జెన్సీ దుప్పటి. అరవై గ్రాములు కూడా ఉండదు" అన్నాడు. "బాగుందిరా, మరి కింద ఏటి పరుస్తావు?" అన్నాను. "కిందెందుకు తాతా, ఇది కప్పుకునేది కదా" అన్నాడు. నా గోలంతా అక్కడే ఉంది.

నేను పెరిగింది సాలూరు, పాచిపెంట కొండల కింద. చైత్రమాసంలో ఇటుకల పండగ వచ్చిందంటే ఏజెన్సీ పల్లెల్లో మగవాళ్లంతా గుంపుగా వేటకి పోయేవారు. ఉత్త చేతులతో తిరిగొస్తే ఆడవాళ్లు పేడనీళ్లు చల్లి ఎగతాళి చేసేవారు కాబట్టి, ఒక రాత్రికని వెళ్లినవాళ్లు రెండు మూడు రాత్రులు కొండమీదే ఉండిపోయేవారు. అయినా వాళ్ల భుజాన బరువుండేది కాదు. బరువు తగ్గించుకోవడం ఇప్పటి కంపెనీలు కనిపెట్టిన విద్య కాదు. కొండ ఏమిస్తుందో, ఏమివ్వదో వాళ్లకి తెలుసు. ఇవ్వనిదే మోసుకెళ్లేవారు.

పొద్దు వాలకముందే వేట ఆపేసి చోటు వెతికేవారు. గాలికి అడ్డంగా బండో, దట్టమైన పొదో ఉండాలి. ఎండాకుల్ని జానెడు మందాన పరిచి, దానిమీద గోనెసంచి వేసేవారు. ఆపైన గొంగళి చుట్టుకొని పడుకునేవారు. ఒకడు వంతుగా మేలుకొని నెగడు చూసుకొనేవాడు. అకాల వాన పట్టుకుంటే వెదురు బద్దల మధ్య ఆకులు పేర్చి కట్టిన గిడుగు నెత్తిన పెట్టుకొనేవారు. అది లేనివాడు గోనెసంచి ఒక మూలని రెండో మూలలోకి దోపి, తలమీంచి వీపుమీదికి వేలాడేసుకొనేవాడు. మా చేలల్లో గోగు పండేది. నెల్లిమర్లలోనూ బొబ్బిలిలోనూ జూట్ మిల్లులు నడిచేవి. గోనెసంచి లేని ఇల్లు ఉండేది కాదు. దాన్ని కొనడానికి ఎవడూ ఊరు దాటి పోలేదు.

వేట ఆగిపోయినందుకు నాకు చింత లేదు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1991 సవరణతో లైసెన్సు వేటలకి ఉన్న తలుపు కూడా మూసేశారు. మంచిపని చేశారు. మా చిన్నప్పటి అడవిలో సగం కూడా ఇప్పుడు లేదు, ఉన్న జంతువుని బతకనివ్వాలి. కానీ వేటతోపాటు దాని వెనకున్న చదువు కూడా పోయింది. కొండమీద రాత్రి పొడిగా, వెచ్చగా, ప్రాణంతో ఎలా ఉండాలన్నది వేటగాడి చదువు. వేట మానేశాం సరే, కొండ ఎక్కడం మానేశామా?

శివరాత్రి వస్తే మందస వైపు నుంచి మహేంద్రగిరికి జనం గుంపులు గుంపులుగా పోతారు. సీతంపేట దగ్గర ఆడలి వ్యూ పాయింట్‌కి, మెట్టుగూడ జలపాతానికి బండ్లమీద కుర్రాళ్లు బారులు తీరతారు. సాలూరు ఘాట్ దాటి ఒడిశాలో దేవమాలి మీద డేరా వేసుకొని తెల్లారే దాకా ఉంటున్నారు. జీడి తోటల్లో, పోడు చేలల్లో కాపలా పడుకొనే రైతులు ఎప్పుడూ ఉన్నారు. వీళ్లందరికీ ఆ చదువు కావాలి. ఇచ్చేవాడు లేడు. దుకాణం వాడు వస్తువు అమ్ముతాడు, దాన్ని ఎలా వాడాలో చెప్పడు. వీడియోలో దుప్పటి మడత విప్పడం చూపిస్తారు, తెల్లవారుజామున మూడింటికి దానికింద ఎలా ఉంటుందో చూపించరు.

"మనది వేడి దేశం, చలికి ఎవడు చస్తాడు?" అని వాదించేవాళ్లని చూశాను. లెక్క చెప్తాను, వినండి. ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకి ఇంచుమించు ఆరున్నర డిగ్రీల వేడి తగ్గుతుంది. మహేంద్రగిరి 1,501 మీటర్లు. బారువ ఒడ్డున 18 డిగ్రీలున్న రాత్రి ఆ శిఖరం మీద 8 దరిదాపుల్లో ఉంటుంది. అది పొడి ఒంటికి. చెమటకో మంచుకో తడిసిన ఒంటికి, గాలి కొడుతుంటే, 10 నుంచి 15 డిగ్రీల చలి కూడా చాలు. ఒంటి వేడి 35 డిగ్రీల కిందికి జారితే వణుకు, మాట తడబాటు, ఆలోచన మందగించడం మొదలవుతాయి. ఇంకా దిగితే వణుకు కూడా ఆగిపోతుంది. వణుకు ఆగింది కదా, తగ్గిందిలే అనుకుంటారు. అప్పుడే ప్రాణం మీదికి వచ్చినట్టు.

ఇక ఆ వెండి రేకు సంగతి. దాన్ని నేను తీసిపారెయ్యను. 1964లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా చేయించిన సరుకు అది. పల్చటి ప్లాస్టిక్ పొరమీద అల్యూమినియం ఆవిరి పట్టించి చేస్తారు. ఒంట్లోంచి సెగలా బయటికి పోయే వేడిలో చాలా భాగాన్ని తిరిగి ఒంటిమీదికే కొడుతుంది. గాలిని, వానని ఆపుతుంది. మారథాన్ పరుగు ముగించినవాళ్ల భుజాలమీద కప్పేది ఇదే. ఎండలో తళతళ మెరుస్తుంది కాబట్టి వెతికేవాళ్ల కంటికి దూరం నుంచి ఆనుతుంది. అరవై గ్రాములకి ఇంత పని చేసే వస్తువు మా రోజుల్లో లేదు, ఒప్పుకుంటాను.

కానీ ఒంటి వేడి సెగగానే పోదు కదా. గాలి తీసుకుపోతుంది, చెమట ఆరుతూ తీసుకుపోతుంది, తడి నేల పీల్చేస్తుంది. నేల పీల్చే వేడిని ఆ రేకు ఆపలేదు, దానికి మందం లేదు. మందమంటే లోపల చిక్కుకున్న గాలి. గొంగళి ఉన్ని పోగుల మధ్య ఆ గాలి ఉంటుంది, తడిసినా కొంత నిలుస్తుంది. ఎండాకుల పరుపులో ఉంటుంది. రేకులో లేదు. అందుకే కింద ఏం పరిచావన్నది పైన ఏం కప్పావన్నదానికంటే ముందు అడగాలి. రేకుని ఒంటిచుట్టూ బిర్రుగా బిగించి పడుకుంటే లోపల చెమట నీళ్లై కారి బట్టలు తడుస్తాయి. మెడ దగ్గర కాస్త గాలి ఆడనివ్వాలి. ముల్లు తగిలితే అడ్డంగా చిరుగుతుంది. నెగడు పక్కకి చేరిస్తే కరిగిపోతుంది. ఒకసారి విప్పితే మళ్లీ ఆ మడతలోకి రాదు. ఇవేవీ పొట్లం మీద పెద్దక్షరాల్లో రాయరు.

ఎంచుకోవడం రావాలంటే ముందు ఇది తెలియాలి. రెండు చేతులతో లాగితే సాగి చిరిగే రేకు కొనకండి. సంచీలా కుట్టి, కాస్త మందంగా ఉండేవి కూడా దొరుకుతున్నాయి. నూరు నూటయాభై గ్రాములైనా అవే మేలు, గాలికి ఎగిరిపోవు, కాళ్లు బయటపడవు. ఒకవైపు నారింజ రంగుంటే ఇంకా మంచిది. కప్పుకి డేరానే కావాలని లేదు. ధాన్యం కుప్పమీద కప్పే 250 జీఎస్ఎం టార్పాలిన్ కొండకి బరువు. జీఎస్ఎం అంటే చదరపు మీటరుకి ఎన్ని గ్రాములన్నది. నూరు జీఎస్ఎంది మూడు మీటర్లకి మూడు మీటర్లు తీసుకుంటే తొమ్మిదివందల గ్రాములు. నాలుగు మూలలా తాళ్లు కట్టి ఏటవాలుగా దించితే ముగ్గురు పడతారు. తిత్లీ తుపాను 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో ఇంటికప్పులు లేచిపోయినవాళ్లకి తల దాచుకోడానికి ఆదుకున్నదీ ఈ టార్పాలినే. అడవిలోనే కాదు, ఇంట్లోనూ ఒకటుండాలి.

చోటు ఎంచుకోవడంలో ఇప్పటివాళ్లని చూస్తే నాకు కోపమొస్తుంది. ఇసక మెత్తగా ఉందని, నీళ్లు దగ్గరని, ఫొటో బాగుంటుందని గెడ్డలో డేరా వేస్తారు. పైన కొండమీద వాన పడితే ఇక్కడ చుక్క రాలకుండానే గెడ్డ పొంగుతుంది. మా పెద్దలు గెడ్డలో నీళ్లు తాగేవారు, గెడ్డలో పడుకొనేవారు కాదు. ఒంటరి చెట్టుకింద, కొండ నెత్తిమీద కూడా పడుకొనేవారు కాదు, వేసవి పిడుగులంటే వాళ్లకి భయం. ఇప్పుడు పార్వతీపురం వైపు ఏనుగులు తిరుగుతున్నాయి, ఉద్దానం తోటల్లో ఎలుగుబంట్లు మనుషులమీద పడుతున్నాయి. అవి తిరిగేచోట ఏ దుప్పటీ కాపాడదు. అక్కడ రాత్రి ఉండకపోవడమే జాగ్రత్త.

చలికి మందు పనిచేస్తుందన్న మాట కూడా నమ్మకండి. జీలుగు కల్లయినా, సీసా సరుకయినా చర్మం కింది రక్తనాళాల్ని వెడల్పు చేసి ఒంటి వేడిని బయటికి తోలుతుంది. వెచ్చగా అనిపిస్తూనే చల్లబడతారు. దానికంటే ఇంత బెల్లం ముక్క, గుప్పెడు జీడిపప్పు నయం.

మా రోజులన్నీ బంగారమని నేను అనను. గొంగళి తడిస్తే మోయలేం. గోనెసంచి గంట వానకే నానిపోతుంది. కొండకెళ్లినవాడు మన్యపు జ్వరంతో దిగొచ్చేవాడు. గిడుగు రామమూర్తి పంతులుగారు సవరల భాష కోసం ఆ కొండలు తిరిగి మలేరియా తెచ్చుకున్నారు, దానికి వాడిన క్వినైన్ ఆయన వినికిడిని తీసుకుపోయింది. అప్పటివాళ్లకి దోమతెర, టార్పాలిన్, ఈ వెండి రేకు ఉండుంటే ఎందరో బాగుపడేవారు. నా కడుపుమంట వస్తువుల మీద కాదు. వస్తువు చేతికొచ్చేసరికి విద్య చెయ్యిజారిపోయింది, అదీ నా బాధ. పైగా చిరిగిన రేకుల్ని కొండమీదే వదిలేసి వస్తున్నారు. మా ఆకుల పరుపు మరుసటి వర్షాకాలానికి మట్టయిపోయేది. ఆ రేకు మన మనవల కాలానికీ అక్కడే మెరుస్తుంటుంది.

అందుకని కొండెక్కే పిల్లలకి నా మాట ఇది. రేకు సంచి ఒకటి, తేలికపాటి టార్పాలిన్ ఒకటి, పదిమీటర్ల తాడు, ఈల, టార్చి, ప్లాస్టిక్ సంచిలో కట్టిన ఒక పొడి జత, ఉన్నితో చేసిన ఏదో ఒక బట్ట పెట్టుకోండి. మొత్తం కలిపినా మా గొంగళి బరువు దాటదు. పొద్దుండగానే ఆగండి. కింద జానెడు మందాన ఎండాకు పరిచాకే పైన కప్పుకోండి. ఎక్కడికి పోతున్నారో, ఎప్పటికి దిగుతారో ఇంట్లో ఒకరికి, కొండకింది ఊళ్లో ఒకరికి చెప్పి వెళ్లండి, సెల్‌ఫోన్ సిగ్నల్ ఆ మలుపు దాటితే ఉండదు. బయల్దేరే ముందు ఒక్క రాత్రి మీ డాబామీద ఆ దుప్పట్లో పడుకొని చూడండి. ఆ కొండకింది ఊళ్లలో సవర, జాతాపు పెద్దలు ఇంకా ఉన్నారు. దుకాణానికి వెళ్లేముందు వాళ్ల దగ్గర కూర్చొని అడగండి.